మా వీధి తలుపు

గడపకు పసుపు వ్రాసి, కుంకుమబొట్లు పెట్టి, పండుగ వచ్చినచో మామిడితోరణము కట్టుదుము. కాని యా గడపను కాచియుండు తలుపు సంగతి, అది మొరాయించువఱకు మనకు జ్ఞప్తికి రాదు. నాకును రాలేదు.

మాది నాచారము. అచ్చటి పారిశ్రామికవాడలో నుద్యోగము చేయుచు మా మామగారు కట్టించిన చిన్న యిల్లు. వీధి తలుపు టేకుది; పడమటి ముఖము. వేసవిలో మూడుగంటలు దాటినచో నెండ తిన్నగా దానిమీదనే పడును. వానకాలమున నదియే యుబ్బి ద్వారబంధమును పట్టుకొనును. భుజముతో త్రోసినగాని రాదు. ఏటేట గరుకు కాగితముతో రుద్ది వార్నిషు పూయుట నా వంతు.

పోయిన వేసవిలో ముందుగదిలో పడుకొను మా యత్తగారు వేడికి సొమ్మసిల్లిరి. ఏ.సీ. వేసినను చల్లదనము నిలువలేదు. "ఈ పాతది తీసివేసి యినుప తలుపు పెట్టింతము, నీకును చాకిరి తప్పును" అని మావా రనిరి. అత్తగారు మాటాడలేదు. ఆ రాత్రి యామె తలుపుమీద చేయి వేసి నిలిచియుండుట చూచితిని.

మఱునాడు ఉప్పలుకు పోయి దుకాణములు తిరిగితిని. ఇనుప తలుపునకు చెదల భయము లేదు, ఉబ్బుట లేదు. కాని యినుము కొయ్యకంటె వందలరెట్లు సులభముగా వేడిని ప్రసరింపజేయును. రెండు రేకుల నడుమ వేడి నాపు నురుగు నింపినదైననే పడమటి గుమ్మమునకు తగును. కొయ్యపొడియు ప్లాస్టికును కలిపి చేసినది నీటికి జంకదు, స్నానపుగదికి మేలు. తీక్షణమైన యెండ సోకు చోట వంగవచ్చునని యమ్మువాడే చెప్పెను. క్రొత్త టేకు వెల విని మఱలి వచ్చితిని.

ఇంటికి వచ్చి కిటికీలు మూసి, వంటయింటి పొగపంకా వేసి, అగరువత్తిని తలుపంచుల వెంట త్రిప్పితిని. పైన పొగ నిటారుగా లేచెను. క్రింద మాత్రము గదిలోనికి పరుగెత్తెను. కొలిచి చూడగా సందు అర యంగుళము, తలుపు వెడల్పు 42 అంగుళములు. అనగా 21 చదరపు టంగుళములు: గోడలో 3 అంగుళముల వెడల్పు, 7 అంగుళముల పొడవుగల కన్నముతో సమానము!

వడ్రంగిని పిలిపించితిని. అతడు తలుపు నూడదీసి పండబెట్టి, "అమ్మా, కొయ్యలో చేవ యున్నది. అడుగంచు చూడండి, దీనికి పుట్టినప్పటినుండి రంగు తగులలేదు" అనెను. అడుగు పుచ్చి యరిగియుండెను. కొయ్య నీటిని కోసిన కొనలనుండి యెక్కువగా త్రాగునట. ప్రతిదినము గడప కడుగునప్పుడు నేనే దానికి నీరు పోయుచుంటిని! ఇన్నేండ్ల నా వార్నిషంతయు కనబడు చోటనే కదా.

అడుగున నాలుగంగుళములు కోసి, క్రొత్త టేకుముక్క నతికి, అంచులన్నిటికిని రంగు పట్టించితిమి. మూడువైపుల రబ్బరు పట్టీ, క్రింద మఱియొకటి వేయించితిమి. సాయంకాలపు టెండ క్రిందుగా వచ్చును గనుక సజ్జా దాని నాపలేదు. వెలుపల వెదురుతెర కట్టితిమి. క్రొత్త తలుపు వెలలో నాలుగవ వంతైన కాలేదు.

ఇంతతో నిల్లు హిమాలయ మయ్యెనని చెప్పను. మిద్దెనుండి దిగు వేడి ముందు తలుపు పాలు తక్కువే. అయినను 2020 జనవరినుండి క్రొత్త ఏ.సీ.లు ఆరంభించునట్టి 24 డిగ్రీలే యిప్పుడు మాకు చాలుచున్నవి. మునుపు 20కి దించెడివారము. వానలు వచ్చి పోయినవి, తలుపు బిగియలేదు.

ఒకనాడు వంటయింటిలో నుండగా గడియ చప్పుడు వినబడెను. "బిడ్డా, ఇప్పు డిది నా చేతికే వచ్చుచున్నది" అని యత్తగారు గుమ్మములో నిలిచి నవ్విరి.

కావున నక్కలారా, క్రొత్త తలుపునకు బేరమాడుటకు ముందు పాతదాని యడుగంచు నొకసారి చూడుడు. చేవ చచ్చినచో మార్పుడు, బ్రతికియున్నచో నిలుపుడు.