మసీదు స్టేషను దగ్గర ఒక సాయంకాలం

బొంబాయిలో కాపురముండే మన తెలుగువారికి మసీదు స్టేషను తెలియనిది కాదు. ఎండుపండ్లకూ, మసాలా దినుసులకూ ఏడాదికి రెండుసార్లైనా అక్కడ దిగవలసిందే. మేమూ ఇరవై ఏండ్లుగా దిగుతున్నాము గాని, ఆ మసీదు ఏదని ఒకనాడూ అడిగినవారము కాము. అది యూదుల ప్రార్థనాలయమనీ, స్టేషను పేరు దానివల్లనే వచ్చిందని పెద్దలు చెబుతారనీ మా ఆఫీసు మిత్రులొకరు అన్నప్పుడు నమ్మలేదు. ఆయన యూదులే. "శుక్రవారం సెలవే గదా, అబ్బాయిని కూడా తీసుకుని రండి" అన్నారు.

వెళ్ళాము. శామ్యూల్ వీధిలో తోపుడుబండ్ల నడుమ ఉన్నదా కట్టడం. గుమ్మంలో పోలీసు. 2008 నాటి దాడుల తరువాత చిరునామా కాగితం చూపనిదే లోనికి విడువరు. ఈ ప్రార్థనాలయం స్థాపించినది 1796లో. దివేకర్ అనే సైనికుడు టిప్పు సుల్తాను చెర నుండి ప్రాణాలతో బయటపడి, మొక్కు తీర్చుకోవడానికి కట్టించాడట. ఇప్పుడున్న కట్టడం 1860 నాటిది.

వీరిని బెనె ఇస్రాయేలీలు అంటారు. ఓడ పగిలి కొంకణ తీరాన పడ్డ ఏడు జంటల సంతతి అని వారి కథ. ఊళ్ళలో గానుగ ఆడించేవారు. శనివారం పని ముట్టరు గనుక ఇరుగుపొరుగువారు 'శనివార్ తేలీ' అని పిలిచేవారు. ఇంట్లో మాట మరాఠీ. 1950 ప్రాంతంలో దేశంలోని యూదులందరూ కలిసి 20,000కు పైగా ఉండేవారు. తరువాత చాలామంది ఇస్రాయేలుకు తరలిపోగా నేడు నాలుగైదు వేలకు మించరు.

మేము వెళ్ళేసరికి లోపల ముగ్గురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు పనిలో ఉన్నారు. అందరూ పదమూడు పదహారేండ్ల మధ్యవారు. జీతం లేదు, బత్తెం లేదు. బడి నుండి తిన్నగా వచ్చారట. నిచ్చెన ఎక్కి వేలాడే గాజు దీపాలు దింపడం, తుడవడం, ప్రార్థన పుస్తకాల దుమ్ము దులపడం, ఇదే హడావిడి. సూర్యుడు కుంకిన తరువాత నిప్పు ముట్టించరాదు, పని చేయరాదు. అందుచేత అంతా వెలుతురుండగానే ముగియాలి. ఇంట్లో మంచినీళ్ళ చెంబు అందుకోని మా వాడు అడుగకుండానే వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాడు! ఒక అమ్మాయి నానబెట్టిన అటుకుల్లో కొబ్బరికోరు, బెల్లం కలిపి మా చేతుల్లో పెట్టింది. దాన్ని మలిదా అంటారు. మన అటుకుల ప్రసాదమే అనిపించింది.

ఇంతలో అసలు చిక్కు వచ్చింది. సామూహిక ప్రార్థనకు పదిమంది మగవారు ఉండాలి. పదమూడు నిండిన బాలుడూ లెక్కకు వస్తాడు. మనుషులను ఒకటి, రెండు అని లెక్కించరాదట. పది మాటలున్న ఒక కీర్తన వాక్యాన్ని తలకొక మాటగా చెప్పుకుంటారు. మా మిత్రులు చెప్పుకుంటూ పోయి చివర ఒక మాట మిగిలిందని ఆగిపోయారు. వెంటనే ఒక పిల్లవాడు చెప్పులు వేసుకుని వీధిలోకి పరుగెత్తాడు. మా వాడూ పద్నాలుగేండ్లవాడే, కాని అతడు లెక్కలోకి రాడు. వాడు మా ముఖం చూశాడు.

పావుగంటకు ఆ కుర్రవాడు ఎనభై ఏండ్ల పెద్దాయనను చేయి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. "నెమ్మదిగా కాకా, ఇక్కడ మెట్టుంది" అంటున్నాడు. ఆయన తొమ్మిదో మాట, వాడు పదో మాట. ప్రార్థన మొదలైంది.

తిరుగు రైలులో మా వాడు అడిగాడు: "నాన్నా, మన తెలుగు సంఘం సభకు ఎంతమంది రావాలి?"

పదిహేనుమంది అని చెప్పాము. కిందటిసారి ఎంతమంది వచ్చారని అడుగుతాడేమోనని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాము. వాడు అడగనే అడిగాడు.

"ఏడుగురు" అన్నాము.