చెయ్యి పైకి లేవనప్పుడు



మామిడి కోతలు మొదలయ్యాయంటే మా నూజివీడు పల్లెల్లో ప్రార్థన విన్నపాలు మారిపోతాయి. పరీక్షలు, పెళ్ళి సంబంధాలు వెనక్కి వెళ్ళి భుజాలు, మెడలు, నడుములు ముందుకు వస్తాయి. గడకర్రకు చిక్కం కట్టి పొద్దున్నుంచి తలెత్తి బంగినపల్లి కాయ దించేవాళ్ళకీ, నిండు ట్రేలు లారీకెక్కించేవాళ్ళకీ భుజమే పెట్టుబడి. అది మొరాయిస్తే ఆ రోజు కూలి లేదు. కొందరికి నెలకో రెండు నెలలకో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం కోతలు ముగిసి, వానలు వెలిసి, చెట్టు మళ్ళీ పూతకొచ్చినా తగ్గదు. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. దాని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది, ఎందుకంటే నేనూ ఆ గుంపులోవాణ్ణే.

రెండేళ్ళ క్రితం మందిరం రేకులు పైకి అందిస్తుంటే నా కుడి భుజం పట్టేసింది. మాత్రలు, కాపడాలు, నూనె మర్దనాలు అన్నీ అయ్యాయి. స్కానింగ్ తీసి, భుజం కీలును పట్టి ఉంచే కండరాల పట్టీలో చిన్న చిరుగు ఉందన్నారు. ఆ 'చిరుగు' అనే మాట నాతోపాటు ఇంటికొచ్చి కూర్చుంది. చెయ్యి ఎత్తినప్పుడల్లా లోపల పాత చొక్కా ఇంకాస్త చిరుగుతున్నట్టే ఉండేది.

ఆరాధన చివర ఆశీర్వాదానికి రెండు చేతులూ ఎత్తాలి కదా. ఎడమ చెయ్యి లేచేది, కుడిది ఛాతీ దగ్గరే ఆగిపోయేది. "మనందరి కోసం ప్రార్థిస్తారు, అయ్యగారికే తగ్గలేదేంటి?" అన్నారొకరు. "నొప్పి కాదులే, మనసులో ఏదో బెంగ" అన్నారింకొకరు. మొదటి మాట నా విశ్వాసాన్ని అనుమానించింది. రెండోది నా నొప్పినే అబద్ధం చేసింది. ఏది ఎక్కువ బాధపెట్టిందో ఇప్పటికీ చెప్పలేను.

విజయవాడలో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి చెయ్యంతా పరీక్ష చేసి, ఆ తర్వాత అడిగిన ప్రశ్నలు నాకు కొత్త. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? చెయ్యెత్తితే ఏమవుతుందని భయం? ఏ రోజుల్లో నొప్పి ఎక్కువ? ఆ తర్వాత చిరుగు సంగతి చెప్పింది. 1995లో అమెరికాలో భుజం నొప్పే లేని 96 మందికి స్కానింగ్ తీశారట. వందకు 34 మంది లెక్కన చిరుగులు కనిపించాయి. అరవై దాటినవాళ్ళలో అయితే సగానికి పైగా, వందకు 54 మంది. ఏ నొప్పీ లేకుండా హాయిగా పనిచేసుకుంటున్నవాళ్ళే వాళ్ళంతా. అంటే చిరుగు ఉన్నంత మాత్రాన నొప్పి ఉండాలని లేదు. నొప్పి ఉందంటే చిరుగు పెరుగుతోందనీ కాదు.

మరి నొప్పి ఎక్కడిది? దీన్ని మన తోట భాషలో చెప్పుకుందాం. తోటలో కాపలా కుక్క ఉంటుంది. ఒకసారి దొంగలు పడ్డాక అది మునుపటిలా ఉండదు. ఎండుటాకు కదిలినా మొరుగుతుంది, యజమాని వచ్చినా మొరుగుతుంది. మన నరాలు, వెన్నుపాము, మెదడు కూడా అంతే. దెబ్బ తగిలాక వెన్నుపాములోని నాడీకణాలు చిన్న కదలికకే పెద్దగా స్పందించే స్థితికి వెళ్తాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. చాలామందిలో దెబ్బ మానాక ఇది సద్దుమణుగుతుంది. కొందరిలో మిగిలిపోతుంది. నిద్రలేమి, దిగులు, భయం దాన్ని ఇంకా రెచ్చగొడతాయి. కుక్క అబద్ధమాడటం లేదు, కాపలా మరీ ఎక్కువగా కాస్తోంది. మొరుగుడు నిజం, మన చెవులకు వినిపించడం నిజం. తోటలో దొంగ మాత్రం లేడు.

అందుకే "మనసులో ఉంది" అనే మాట తప్పు. నొప్పిలో మనసు కూడా ఉంది, అంతే. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్య సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో నొప్పి శరీరానుభవమూ భావానుభవమూ కలిసినదని చెప్పింది. నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని కూడా చేర్చింది.

ఒక నెల గమనించాను. అదే భుజం, అదే చిరుగు. కానీ సమాధి కార్యక్రమం చేసొచ్చిన రాత్రి, మందిరం అప్పు వాయిదా దగ్గరపడిన వారం నొప్పి రెట్టింపు. బాగా నిద్రపోయిన మర్నాడు సగం. కుక్కను కొడితే ఇంకా మొరుగుతుంది. తోటకు తాళం వేసి వదిలేసినా మొరుగుతుంది. రోజూ దాన్ని వెంటబెట్టుకుని తోటంతా తిప్పితే నెమ్మదిస్తుంది. నేనూ గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, రోజూ చేతిని అక్కడిదాకా పాకించాను. గీత దాటాలని పంతం పట్టలేదు, నొప్పిగా ఉందని మానలేదు. ఇంగ్లండులో ఫిజియోథెరపీకి వచ్చిన వెయ్యి మందికి పైగా భుజం రోగులను గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తగ్గుతుందనే ఆశ ఉన్నవాళ్ళు, నొప్పి ఉన్నా నా పని చేసుకోగలననే ధైర్యం ఉన్నవాళ్ళు ఆరు నెలలకు మెరుగ్గా ఉన్నారు. నా చెయ్యి ఇప్పుడు చెవి ఎత్తుకు లేస్తోంది. కొన్ని రోజులు మళ్ళీ సలుపుతుంది. సలిపినా భయం లేదు.

అయితే ప్రతి నొప్పీ ఇలాంటిదే అనుకోకండి. చెట్టు మీంచి పడ్డాక చెయ్యి అసలు లేవకపోతే, తిమ్మిరి, జ్వరం, బరువు తగ్గడం ఉంటే వైద్యుడికి చూపించాలి. ఛాతీ బరువుతో, చెమటలతో భుజం లాగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. షుగరు ఉన్నవాళ్ళకు భుజం బిగుసుకుపోవడం ఎక్కువ, అదీ చూపించుకోండి.

రెఫీదీములో మోషే చేతులు బరువెక్కినప్పుడు ఎవరూ ఆయన విశ్వాసాన్ని ప్రశ్నించలేదు. కూర్చోవడానికి ఒక రాయి తెచ్చారు. అహరోను ఒకవైపు, హూరు ఒకవైపు పొద్దుగూకేదాకా ఆ చేతులు పట్టుకున్నారు. పని మోషేదే, ఆసరా వాళ్ళది. మీ ముఠాలో, మీ ఇంట్లో ఏడాదిగా భుజం పట్టుకుని తిరిగేవాళ్ళుంటే నాటకమనకండి, అలాగని మూలన కూర్చోబెట్టకండి. వాళ్ళ ట్రేలో సగం కాయలే వేయండి. రెండోవైపు మీరు పట్టుకోండి.