ఈతకొలను గట్టున ఘాటు వాసన

పోయిన సంక్రాంతికి అంబాజీపేట దగ్గరున్న మా అన్నయ్యగారి అబ్బాయి ఇంటికి వెళ్ళాను. చాలాకాలం దుబాయిలో ఉద్యోగం చేసి వచ్చి, కొబ్బరితోట అంచున ఇల్లు కట్టుకున్నాడు. పెరట్లో 60,000 లీటర్లు పట్టే ఈతకొలను కూడా కట్టించాడు. భోగినాడు ఒంటికి పట్టించిన నూనె ఆరకముందే పదిమంది పిల్లలు అందులో దూకారు. మధ్యాహ్నానికి అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి. ఇద్దరు దగ్గుతున్నారు. గట్టు మీద నిలబడితే మందు వాసన ముక్కుపుటాలకు ఘాటుగా తగులుతోంది.

"క్లోరిన్ ఎక్కువైందండీ బాబాయిగారూ, రెండు రోజులు వేయడం మానేస్తాను" అన్నాడు మావాడు.

మీరైనా అలాగే అనుకునేవారేమో. నిజానికి ఆ నీటిలో క్లోరిన్ చాలడం లేదు. చెమట, మూత్రం (పిల్లలు ఒప్పుకోరు గాని, ఉంటుంది) వీటిలోని నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరమైన్లు ఏర్పడతాయి. ఆ ఘాటు వాసనా, కళ్ళమంటా చాలావరకు వాటివల్లనే. క్రిములను చంపవలసిన స్వేచ్ఛా క్లోరిన్ అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. చక్కగా నిర్వహించే కొలనులో వాసన దాదాపుగా ఉండదు.

వాసనను నమ్మి నేను ఒకసారి ఘోరంగా పొరబడ్డాను. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మన కోనసీమను నేలమట్టం చేసినప్పుడు రాజోలు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. నూతులన్నిటా మురుగునీరు చేరింది. గదిలో పాత బ్లీచింగ్ పౌడరు బస్తా ఒకటి ఉంది. మూతి విప్పితే ముక్కు అదిరింది. ఇంత ఘాటుగా ఉన్నది పనిచేయకపోతుందా అనుకుని, పుస్తకంలో చదివిన లెక్క ప్రకారం వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున ఒక పేటలోని నూతిలో కలిపించాను. అల్మరాలో హారాక్స్ పరీక్ష పెట్టె ఉంది. అరగంట ఆగాలి గనుక తీయలేదు.

నాలుగోనాడు ఆ పేట నుంచే ఎనిమిదిమంది విరేచనాలతో వచ్చారు. ఒక ముసలమ్మ దక్కలేదు.

అప్పుడు పెట్టె తీశాను. ఆరు తెల్ల గిన్నెల్లో నూతినీరు పోసి, బ్లీచింగ్ ద్రావణం మొదటిదానిలో ఒక చుక్క, రెండోదానిలో రెండు, అలా ఆరు వరకు వేసి, అరగంట తరువాత పిండి-అయొడైడ్ ద్రావణం కలపాలి. ఎన్నో గిన్నె ముందుగా నీలం రంగు చూపితే 455 లీటర్లకు అన్ని చెంచాలు. చెంచా అంటే 2 గ్రాములు. అయిదు గిన్నెలు తెల్లగానే ఉండిపోయాయి. ఆరోది నీలమైంది. అంటే 12 గ్రాములు. నేను వేయించినదానికి పదింతలు. నీరు అంత మురికిది, పౌడరు తేమకు అంత చచ్చిపోయింది. మిగిలిందల్లా వాసన.

మావాడి ఇంట్లోనూ పరీక్ష పెట్టె ఉంది, సీలు విప్పకుండా. విప్పించాను. స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు 0.3 మిల్లీగ్రాములు. 1 నుంచి 3 వరకు ఉండాలి. మొత్తం క్లోరిన్ 1.1. ఈ రెండింటి తేడా 0.8, అదే క్లోరమైన్ల రూపంలో బందీ అయిన భాగం. పీహెచ్ 8.2. అది 7.2 - 7.8 మధ్య ఉండాలి. ఎందుకంటే పీహెచ్ 7.5 దగ్గర స్వేచ్ఛా క్లోరిన్‌లో సగం మాత్రమే హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది, క్రిములను చురుకుగా చంపేది అదే. 8 దాటితే నాలుగో వంతు కూడా ఉండదు. కాల్షియం హైపోక్లోరైట్ వేసినకొద్దీ పీహెచ్ పైకే పోతుంది గనుక, ముందు దానిని దించాలి.

దించడానికి యాసిడ్ ఏదని అడిగితే మోటారు గదిలోకి తీసుకువెళ్ళాడు. నా గుండె ఝల్లుమంది. యాసిడ్ క్యాను, హైపోక్లోరైట్ డబ్బా పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ కలిపి ఒకే మగ్గు! అవి కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. మూసిన గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీసి ప్రాణం తీయగలదు. మీ ఇంట్లో కొలను లేకపోవచ్చు గాని, స్నానాలగదిలో బ్లీచింగూ, యాసిడూ ఉంటాయి కదా. దయచేసి ఈ పూటే వాటిని వేరుచేయండి.

సాయంత్రం మోటారు తిరుగుతుండగా యాసిడ్‌ను కొద్దికొద్దిగా, లోతు వైపున పోయించాను. రాత్రి మళ్ళీ పీహెచ్ చూసి, 7.5 కు దిగాక, బందీ క్లోరిన్‌కు పదింతల లెక్కన 65 శాతం హైపోక్లోరైట్ ముప్పావు కిలో, వేరే బకెట్టు నీటిలో కరిగించి కలిపించాను. ఎండ క్లోరిన్‌ను విరిచేస్తుంది గనుక ఈ పని చీకటిపడ్డాకే చేయాలి.

పండుగనాడు కొలత 5 ఉంది. పిల్లలు గట్టు చుట్టూ తిరుగుతూ నన్ను తిట్టుకున్నారు. కనుమ ఉదయానికి 2.5 కు దిగింది. సబ్బుతో స్నానం చేసి వచ్చినవారినే దిగనిచ్చాను. మావాడు వంగి నీటిని వాసన చూసి, "ఏమీ రావట్లేదండీ బాబాయిగారూ, సరిపోయిందంటారా?" అని అనుమానంగా అడిగాడు. పరీక్ష పెట్టె అతని చేతికిచ్చాను.