హాలుకు తగిన టీపాయ్

సోఫా కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ కదులుతారు. రంగు ఒకరు చూస్తారు, గుడ్డ ఒకరు నలిపి చూస్తారు, పిల్లలు ఎగిరెగిరి కూర్చుంటారు. టీపాయ్ దగ్గరికి వచ్చేసరికి "దీనికి మ్యాచింగ్‌గా ఏదో ఒకటి ఇచ్చెయ్యండి" అనేస్తాం. నిజానికి హాల్లో పొద్దస్తమానం చేతులు పడేది దాని మీదే. పొద్దున పేపరూ కాఫీ గ్లాసులూ, మధ్యాహ్నం బత్తాయి తొక్కలు, సాయంత్రం పిల్లల హోంవర్కూ బజ్జీల ప్లేటూ, ఎవరో ఇచ్చి వెళ్లిన శుభలేఖ, మూడు రిమోట్లు. అన్నీ అక్కడికే చేరతాయి.

ఇంత పని చేసే వస్తువును ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికంటే ముందు బరువు చూస్తాను. మన హాలు అప్పుడప్పుడూ ఖాళీ కావాలి మరి. సత్యనారాయణ వ్రతమంటే మంటపం పెట్టాలి, దంపతులు పీటల మీద కూర్చోవాలి, వచ్చినవాళ్లకు జంపఖానా పరవాలి. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టేవాళ్లున్నారు. పెళ్లికి ఊరి నుంచి దిగిన చుట్టాలకు రాత్రి పక్కలు పరిచేదీ అక్కడే. సోఫా గోడకు జరిగితే చాలు, టీపాయ్ మాత్రం గదిలోంచే వెళ్లిపోవాలి. ఇద్దరు పట్టుకుని బాల్కనీలోకి చేర్చగలిగేదే మన ఇళ్లకు తగినది.

ఈ లెక్కన రాతి టీపాయ్ కష్టమే. వంటగట్టుకు కోయగా మిగిలిన గ్రానైట్ ముక్కను టీపాయ్ పైన వేయించాలని చాలామందికి ఉంటుంది. చీమకుర్తి గెలాక్సీ రాయి నల్లటి నునుపులో మెరుస్తుంటే ఆశ పుట్టడంలో తప్పు లేదు. వేడి గిన్నె పెట్టినా, చింతపండు పులుసు ఒలికినా అది చెక్కుచెదరదు. అయితే మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకే పాతిక కిలోలు దాటుతుంది, కింది చట్రం కాక. కడప రాయి, తాండూరు రాయి అయితే సున్నపురాళ్లు. నిమ్మరసం పడి కాసేపు అలాగే ఉంటే నునుపు పోయి మచ్చ పడుతుంది.

ఇక కొలతలు. పదకొండు అడుగుల వెడల్పున్న హాలు తీసుకుందాం. సోఫా మూడడుగులు, ఎదురుగా టీవీ యూనిట్ అడుగున్నర. సోఫాకూ టీపాయ్‌కూ మధ్య అడుగున్నర సందు ఉంటే మోకాళ్లకు తగలకుండా చేతికి అందుతుంది. టీపాయ్ రెండడుగులు. మిగిలిన మూడడుగుల్లో ఇద్దరు ఎదురుపడినా తప్పుకోవచ్చు. హాలు పదడుగులే అయితే టీపాయ్ అడుగున్నరకు తగ్గాలి, నడిచే దారి మాత్రం రెండున్నర అడుగుల కంటే తగ్గకూడదు. పొడవు సోఫాలో మూడింట రెండు వంతులు చాలు. ఎల్ ఆకారం సోఫాకు చదరంగానో గుండ్రంగానో ఉన్నది ఒదుగుతుంది. షోరూములో చిన్నగా కనిపించిన బల్ల ఇంటికొచ్చేసరికి పెద్దదైపోతుంది కాబట్టి, కొనడానికి ముందే పాత పేపర్లను ఆ కొలతకు నేల మీద పరిచి రెండు రోజులు అలాగే ఉంచండి. ఎవరు ఎక్కడ తొక్కుతున్నారో చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఎత్తు సోఫా సీటుకు సమానంగా గానీ, అంగుళం తక్కువగా గానీ, అంటే పదహారు నుంచి పద్దెనిమిది అంగుళాలు ఉండాలంటారు. నా ఓటు సమానమైన ఎత్తుకే. సోఫాలో కూర్చుని ఉప్మా తినే ఇళ్లు మనవి. పెద్దవాళ్లు లేచేటప్పుడు టీపాయ్ మీద చెయ్యి ఆనిస్తారు కూడా. అందుకే మధ్యలో ఒకటే కాలున్న బల్ల నాకు భయం, ఓ పక్కన బరువు పడితే ఒరిగిపోతుంది. నాలుగు మూలలా నాలుగు కాళ్లుంటే నిశ్చింత. నడక నేర్చుకునే పసివాళ్లు ఇంట్లో ఉంటే మూలలు గుండ్రంగా తిప్పించండి. వాళ్లు తూలి పడినప్పుడు నుదురు సరిగ్గా ఆ అంచుకే తగులుతుంది.

ఇరుకు హాల్లో గాజు బాగుంటుంది, కింద నేల కనిపించి గది విశాలంగా తోస్తుంది. తీసుకుంటే టఫెన్‌డ్ గాజే తీసుకోవాలి. అది పగిలితే చిన్నచిన్న పలుకులవుతుంది, మామూలు గాజు కత్తుల్లా చీలుతుంది. ఒకసారి గట్టిపరిచాక దాన్ని కోయడం, రంధ్రం వేయడం కుదరవు కనుక కొలతలన్నీ ముందే ఇవ్వాలి.

చెక్క సంగతికొస్తే, పైన చూసి మురిసిపోకుండా బల్లను తిరగేసి చూడండి. పైన టేకు రంగులో ఉన్నది కింద రంపపు పొట్టు అదిమిన బోర్డని అక్కడే తేలిపోతుంది. కాళ్లను ఉత్త మేకులతో దిగ్గొట్టారా, చెక్కలో చెక్క దూర్చి బిగించారా అన్నదీ అక్కడే కనబడుతుంది. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతాం. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు కాళ్లు అడుగున ఆ తడి పీల్చుకుని ఉబ్బుతాయి, తర్వాత పైపొర లేస్తుంది. కాళ్లయినా అసలు చెక్కవో ఇనుపవో ఉండాలి, అడుగున రబ్బరు బుష్ ఉండాలి. పొగలు కక్కే కాఫీతో స్టీలు గ్లాసు పెట్టిన చోట పాలిష్ మీద తెల్లటి వలయం మిగులుతుంది. వేడినీ తడినీ మెలమైన్ కంటే పీయూ పాలిష్ బాగా ఓర్చుకుంటుంది. ఖర్చు ఎక్కువే, అయినా ఈ ఒక్కచోట పెట్టదగ్గదే.

చిన్న హాలున్నవాళ్లకు ఒకదాని కింద ఒకటి దూరే టీపాయ్‌లు చూడమంటాను. ఇది పాత ఆలోచనే. ఇంగ్లండులో థామస్ షెరటన్ 1803లో తెచ్చిన ఫర్నిచర్ నిఘంటువులో ఇలాంటి బల్లల ప్రస్తావన ఉంది. మామూలు రోజుల్లో ఒక్క బల్ల చోటే పడుతుంది, చుట్టాలొస్తే తలా ఒకటి ముందుకు జరపొచ్చు, వ్రతం రోజున ఒక్కరే తీసి పక్కన పెట్టెయ్యొచ్చు. నన్నడిగితే రెండు పడకగదుల ఫ్లాటుకు ఇంతకంటే మంచిది లేదు.

షాపుకు బయలుదేరే ముందు ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఎత్తు అడగండి. ఇల్లు తుడిచే మనిషిని అడుగున ఎంత ఖాళీ కావాలో అడగండి. ఆ రెండు కొలతలూ కాగితం మీద రాసుకుని వెళ్లండి.