విత్తనం, తిండి, తీరిక

ధనం లేనిదే బ్రతుకు సాగదు. అయితే ధనం కొరకే బ్రతుకు అనుకున్ననాడు ఆ ధనానికి గల ప్రయోజనం కూడా నశిస్తుంది. విద్యార్థి దశలో ఈ మాటనే వ్యాసరచన పోటీలలో వ్రాసి బహుమతులు కూడా పొందాను. దాని అర్థం మాత్రం నాకు ముప్పది ఆరవ ఏట, ఒక కర్మాగారపు లాకరు గదిలో తెలిసింది. వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని పూజ్యులైన అధ్యాపకులు ఈ పూర్వ విద్యార్థిని కోరినపుడు, పాఠ్యపుస్తకాలలో దొరకని ఆ పాఠాన్నే సోదర విద్యార్థులకు విన్నవించుకోవడం మేలని తోచింది.

చెన్నై నగరానికి ఉత్తరంగా సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, తడ వద్ద జాతీయ రహదారిని విడిచి పడమరకు తిరిగితే శ్రీసిటీ వస్తుంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలకు చెందిన ఈ ప్రాంతం మొదట చిత్తూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరింది. నా చిన్ననాడు అక్కడ వేరుశనగ చేలు, చెరువు క్రింది వరిమళ్లు, పశువులు మేసే బీళ్లు ఉండేవి. 2008లో అక్కడ పారిశ్రామిక నగరానికి అంకురార్పణ జరిగింది. నేడు అదే నేల మీద వాహనాలు, మెట్రో రైలు పెట్టెలు, చాక్లెట్లు, ఎయిర్ కండిషనర్లు తయారవుతున్నాయి. మా రెండున్నర ఎకరాలు కూడా అందులో కలిసిపోయినవే. మా నాయన నాగలి పట్టిన చోటికి కూతవేటు దూరంలోనే నేను నేడు యూనిఫారం తొడుక్కొని యంత్రం ముందు నిలబడుతున్నాను. ఇందులో నాకు విచారం లేదు. ఆ ఉద్యోగమే మా ఇంట దీపం వెలిగిస్తున్నది.

మా నాయన చదువుకున్నవాడు కాడు. కాని పంట ఇంటికి వచ్చిన రోజున ఆయన చేసే మొదటి పని ధాన్యాన్ని మూడు కుప్పలుగా వేయడం. ఒకటి విత్తనానికి, ఒకటి తిండికి, ఒకటి అమ్మకానికి. ఎంతటి కరవులోనైనా విత్తనపు మూటను విప్పనిచ్చేవాడు కాదు. అలాగని విత్తనం మీది ఆశతో పిల్లల కడుపు మాడ్చినవాడూ కాదు. భూమికి పరిహారం చేతికి వచ్చినపుడు కూడా ఆయన అదే పద్ధతి పాటించాడు. ఒక భాగం అప్పులకు, చెల్లెలి పెళ్లికి. ఒక భాగం ఇంటి పైకప్పుకు. మిగిలింది నా పేరిట తపాలా కార్యాలయంలో. "ఒరే అబ్బోడా, భూమి పోయినా పద్ధతి పోకూడదురా. ఇది విత్తనం. దీన్ని తినొద్దు" అన్నాడు. పరిహారం సొమ్ముతో కారు కొని, మూడేండ్లకు దాన్ని కూడా అమ్ముకున్నవారు మా ఊళ్లోనే ఉన్నారు. అందుచేత నాయన మాటకు నేను తల ఊపాను.

2022 చివర నా సెల్‌ఫోనులోకి షేర్ మార్కెట్ ప్రవేశించింది. తోటి ఉద్యోగి ఒకడు ఒక్క ఉదయంలో నాలుగు వేలు గడించానని చూపించాడు. పెట్టుబడి పెట్టడం వివేకవంతుల లక్షణమని నన్ను నేను సమర్థించుకున్నాను. నిజానికి నేను చేసినది పెట్టుబడి కాదు. ఆప్షన్ అనేది, సామాన్య భాషలో చెప్పాలంటే, ఫలానా తేదీలోగా సూచీ ఫలానా అంకెను దాటుతుందని కట్టే పందెం వంటిది. దాటకపోతే కట్టిన సొమ్ము తిరిగి రాదు. విత్తనానికీ పందెపు కాసుకూ గల భేదాన్ని నేను విస్మరించాను.

మార్కెట్ ఉదయం తొమ్మిదింబావుకు తెరిచి, మధ్యాహ్నం మూడున్నరకు మూసివేస్తారు. మా కర్మాగారంలో మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు చేసి ఉదయం ఏడు గంటలకు ఇల్లు చేరినవాడు నిద్రపోవలసిన వేళ సరిగ్గా మార్కెట్ నడిచే వేళ. నేను నిద్ర మానుకున్నాను. పగటి షిఫ్టులో ఫోన్లు లాకరులో ఉంచి లోనికి వెళ్లాలి. పది గంటల టీ విరామంలో ఒకమారు, భోజనానికి ఒకమారు పరుగున వచ్చి చూసేవాడిని. 2023లో ఒక గురువారం, అంటే ఆ వారపు పందెం గడువు తీరే రోజు, టీ విరామంలో 18,000 రూపాయలు కట్టి లోనికి వెళ్లాను. రెండు గంటలకు షిఫ్టు దిగి లాకరు తెరిచి చూసేసరికి మూడు వందలు మిగిలి ఉన్నాయి. పదకొండు నెలలలో అలా పోయినది మొత్తం 1,80,000 రూపాయలు. నాయన విత్తనమని చెప్పి ఇచ్చిన తపాలా సొమ్ము అందులోనే ఉంది.

2024 సెప్టెంబరులో సెబీ వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుండి మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్లు, ఆప్షన్ల వ్యాపారం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. వారి నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలను మించింది. ఆ 93 మందిలో నేనొకడినని చదివినపుడు కాస్త ఓదార్పు, అంతకు మించిన సిగ్గు కలిగాయి.

కాని మిత్రులారా, పోయినది డబ్బు మాత్రమే అయి ఉంటే ఈ వ్యాసం వ్రాసే పని లేదు. వారానికి 168 గంటలు. ఉద్యోగానికి 48, రాకపోకలకు 9, నిద్రకు 56 పోగా, ఇంటికి మిగిలేవి 55 గంటలు. అందులో పదిహేను గంటలు మార్కెట్ తీసుకున్నది. ఆ పిమ్మట నష్టాన్ని పూడ్చుకోవాలని ఓవర్‌టైముకు ఒప్పుకున్నాను. నెలకు 24,000 జీతం మీద, రెట్టింపు చొప్పున లెక్కించినా, 1,80,000 రూపాయలకు సుమారు 780 గంటలు అదనంగా పని చేయాలి. వారానికి ఎనిమిది గంటల వంతున దాదాపు రెండేండ్లు! రూపాయలలో చేసిన అప్పును నా భార్యాబిడ్డల గంటలతో తీరుస్తున్నానన్న మాట. అప్పటికి మా అబ్బాయికి ఆరేండ్లు. ఒకనాడు వాడు వంటింట్లో తల్లిని అడగడం నా చెవిన పడింది: "అమ్మా, మూడున్నర అయిందా? నాన్నతో మాట్లాడొచ్చా?"

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చి మా వైపు చెరువులు నిండాయి. నాయన నా దగ్గరకు వచ్చి, "చెరువు మొరవ పోతా ఉండాదంటరా. ఆదివారం తీసకపోతావా, చూసొద్దాం" అన్నాడు. ఆ ఆదివారం నాకు ఓవర్‌టైము. మరుసటి ఆదివారం కూడా అంతే. వచ్చే ఏడాది చూద్దాంలే నాయనా అన్నాను. మార్చి నెలలో ఆయనకు పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. వేసవిలో ఆయనను ఆటోలో చెరువుకట్ట దాకా తీసుకువెళ్లాను. మొరవ వద్ద ఎండిన రాళ్లు తప్ప మరేమీ లేవు. నాయన చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. సొమ్ము పోయిన సంగతిని ఆ కట్ట మీదనే ఆయనకు చెప్పాను. "విత్తనం పోతే మళ్లీ సంపాదించుకోవచ్చురా. ఇంటికి పోదాం పద, పిల్లోడు చూస్తా ఉంటాడు" అన్నాడు.

ఆనాటి నుండి నేను కూడా మూడు కుప్పలు వేయడం మొదలుపెట్టాను. మూల వేతనంలో 12 శాతం భవిష్య నిధికి చేతికి రాకముందే పోతున్నది; అది మొదటి విత్తనం. జీతం పడిన రోజుననే 2,000 రూపాయలు ఒక మ్యూచువల్ ఫండుకు తమంతట తాము వెళ్లే ఏర్పాటు చేశాను, అది రెండవది. దాని విలువ పెరుగుతుంది, తరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు మాత్రమే చూస్తాను. నాటిన విత్తనం మొలిచిందో లేదోనని గంటకొకసారి మట్టి తవ్వి చూసేవాడిని రైతు అనరు గదా! ఆప్షన్ల జోలికి పోను. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో నిలువ చేయాలన్నది సంకల్పం. ఇప్పటికి మూడు నెలలకు సరిపడా చేరింది. ఓవర్‌టైము నెలకు ఒక్క ఆదివారమే. ఇందువల్ల అప్పు తీరడానికి మరికొంత కాలం పడుతుంది. పట్టనివ్వండి.

సోదర విద్యార్థులారా! రేపు మీలో అనేకులు శ్రీసిటీ వంటి చోట్ల ఉద్యోగాలలో చేరుతారు. మొదటి జీతం నుండే పొదుపు చేయండి. ధరలు పెరిగే ఈ కాలంలో పెట్టుబడి పెట్టకపోవడం కూడా నష్టమే. అయితే మీ సొమ్ము మీ నిద్రనూ, మీ ఇంటివారితో గడిపే వేళనూ అడుగుతున్నదంటే, అది పెట్టుబడి కాదని గ్రహించండి. మా నాయన మూడు కుప్పలే వేశాడు. ఆయనకు తీరికను ప్రత్యేకంగా కుప్ప వేయవలసిన అవసరం కలగలేదు; ప్రొద్దు గూకితే పని ఆగేది. మన కాలంలో ప్రొద్దు గూకినా పని ఆగదు, ఫోనూ ఆగదు. కాబట్టి ఆ నాలుగవ కుప్పను మనమే వేసుకోవాలి.

ఈసారి వానలు కురిసి చెరువు నిండితే, అది ఏ వారమైనా సరే, ఏ షిఫ్టు అయినా సరే, నేను సెలవు పెడతాను. ఈ సంగతి నాయనకు ముందుగానే చెప్పి ఉంచాను.