మొగము లేని పటము

తన రూపము తాను చూచుకొనవలెనను వేడుక మనుజునకు సహజము. పూర్వము నీటిమడుగులందును, పిమ్మట కంచుటద్దములందును చూచుకొన్నవాడు నేడు చేతిలోని ఫోనులో దినమునకు పదిమారులు తన పటమును తానే తీసికొనుచున్నాడు. పటములు పెరిగినకొలది వానియందు మనిషి తరిగిపోవుచున్నాడేమో యని మాకు అప్పుడప్పుడు తోచును. ఈ యేడు మా చిత్రలేఖనోపాధ్యాయులుగారు తొమ్మిదవ తరగతివారికి ఒక విచిత్రమైన అభ్యాసము నొసంగిరి. "ఎవరి పటమును వారు వ్రాయుడు, కాని మొగము వ్రాయరాదు. క్రింద పేరు లేకున్నను మీ యింటివారు చూచి యిది మీ పటమేయని పోల్చుకొనవలెను" అని వారి ఆజ్ఞ.

మొగము లేక పటమెట్లగునని కొందరు నవ్విరి. కాని యిది క్రొత్త సంగతి కాదు. రోమునగరపు భూగర్భ సమాధులలో ఆదిక్రైస్తవులు చేప, లంగరు, మందకాపరి మొదలగు గుర్తులచేత తమ విశ్వాసమును వ్రాసికొనిరి. హాలండుదేశీయుడగు విన్సెంటు వాన్ గో అద్దములో చూచి తన మొగమును అనేక పర్యాయములు వ్రాసికొన్నవాడే. అయినను 1888వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమందలి ఆర్ల్ పట్టణమున నున్నప్పుడు, గడ్డితో నల్లిన తన కుర్చీని వ్రాసి, దానిపై తన పొగగొట్టమును పొగాకును మాత్రమే యుంచెను. తన మిత్రుడైన గోగాన్ కుర్చీని వేరొక పటముగా వ్రాసి, దానిపై వెలుగుచున్న క్రొవ్వొత్తిని, రెండు పుస్తకములను పెట్టెను. కూర్చుండినవారు లేరు, అయినను ఎవరి కుర్చీ ఏదియో చూడగనే తెలియును. వాన్ గో తండ్రి క్రైస్తవ మతగురువు. ఆయన మరణించిన 1885వ సంవత్సరముననే వాన్ గో ఒక పటమున తండ్రి చదివిన పెద్ద బైబిలును, దాని యెదుట నలిగిపోయిన చిన్న నవలను, ప్రక్కన ఆరిపోయిన క్రొవ్వొత్తిని వ్రాసియుండెను. తండ్రికిని కొడుకునకును గల యెడమంతయు ఆ రెండు పుస్తకముల నడుమనే కనబడును.

అంత దూరము పోనేల? హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి కలదు. పదునారవ శతాబ్ది పూర్వార్ధమున, విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున, పెనుకొండలో రాజోద్యోగియైన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు అచటి వీరభద్రాలయమును కట్టించిరి. గుడి కప్పుపై ఆ సోదరుల రూపములు రంగులతో వ్రాయబడియున్నవి. విలువైన దుస్తులు, తిరుమలలోని కృష్ణదేవరాయల విగ్రహమునకున్నట్టి పొడవైన కుళ్ళాయి, వెనుక పరివారము. ఇట్టి వైభవముతో వారు భక్తిపూర్వకముగ విభూతి స్వీకరించుచుందురు. ఆ గుడియందే గోడమీద రెండు ఎఱ్ఱని మచ్చలను గూడ చూపుదురు. రాజధనమును అనుమతి లేక గుడికి వ్యయపరచెనని నింద రాగా, శిక్ష పడకమునుపే విరూపణ్ణ తన కన్నులను తానే పెఱికి గోడకు విసరెనని స్థలకథ. కథ కథయే కావచ్చును. కాని మేము సహాధ్యాయులతో పోయి చూచినప్పుడు, కప్పువైపు తలయెత్తి విరూపణ్ణ మొగమును వెదకినవారు నలుగురో అయిదుగురో; గోడయొద్ద నిలిచి మాట లేక చూచినవారు అందరును. ఒకే గుడిలో ఒకే మనిషికి రెండు పటములున్నవి. మొగమున్న పటము అతని హోదాను చెప్పును. మొగము లేని పటము అతని కడుపుకోతను చెప్పును.

పుట్టపర్తియందును ఇట్టి గుర్తొకటి కలదు. పాలియ్యక పుట్టకు పోవుచున్న ఆవును వెంబడించిన గొల్లవాడు, నాగుపాము ఆ పాలు త్రాగుట చూచి దానిని రాతితో కొట్టెననియు, పాము శాపముచే ఊరంతయు పుట్టలతో నిండెననియు, నాటి రాతినే పిమ్మట గోపాలస్వామిగా కొలుచుచున్నారనియు చెప్పుదురు. ఊరు తాను చేసిన పుణ్యకార్యమును గాక, తన చేతినుండి జారిన రాతిని తన గుర్తుగా నిలుపుకొన్నది. ఇది మాకు మిక్కిలి నిజాయితీగా తోచినది. అన్నట్లు, ఆ యూరి ప్రక్క పారు నదికి చిత్రావతి యనియే పేరు.

ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటవారి తోలుబొమ్మలను ప్రస్తావింపక విడువజాలము. 2020వ సంవత్సరమున ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ లభించినది. వెలుతురు దూరునంత పలుచనగు మేకతోలుపై బొమ్మను గీసి, రంగులద్ది, నగలున్నచోటనెల్ల సన్నని చిల్లులు పొడుతురు. తెరవెనుక దీపము వెలిగినప్పుడు మెరయునది రంగు కాదు, చిల్లు. లేనిదానిచేతనే ఆభరణము చేయుట యనునది ఇతరదేశముల పుస్తకములలో వెదకి నేర్చుకొనవలసిన విద్య కాదని మాకప్పుడు తెలిసినది.

ఉపాధ్యాయులుగారు సమతూకము, లయ, ప్రాధాన్యము, అనుపాతము, ఏకత్వము అను రచనాసూత్రములను నల్లబల్లపై వ్రాసిరి. వల్లెవేయునప్పుడివి పొడిమాటలు. మా తరగతిలో నొకడు క్రికెట్టు బ్యాటు, సైకిలు, శిలువ, మామిడిచెట్టు, కుక్కపిల్ల, జాతీయజెండా అన్నిటిని ఒకే పరిమాణమున పేర్చి తెచ్చెను. అది సంతలో దుకాణమువలె నుండెను. ఉపాధ్యాయులుగారు కోపింపక, "వీనిలో ఒక్కటి మాత్రమే నీతో నుండుననిన దేని నుంచుకొందువు?" అని యడిగిరి. అతడు చాలసేపాలోచించి కుక్కపిల్లను చూపెను. మరునాటి పటమున ఆ కుక్కపిల్ల కాగితమునంతయు ఆక్రమించి నిద్రించుచుండ, తక్కినవన్నియు దాని చెవినీడన ఒదిగియుండెను. ప్రాధాన్యమనగా నేమో అందరికిని తెలిసినది. అది మా పటముకంటె బాగుగనున్నదని నేటికిని మా యభిప్రాయము.

మాది ధర్మవరము, పట్టుచీరల నేత మా కులవృత్తి. మా యింటి గుంటమగ్గము నిలిచిపోయి నాలుగేండ్లయినది. మరమగ్గముపై నేసిన చీర ధరకు చేతిమగ్గపు చీర దిగిరాజాలదు. తండ్రిగారిప్పుడు మరమగ్గముల షెడ్డునకే కూలికి పోవుచున్నారు. వారు కాళ్ళు దింపి కూర్చుండిన గుంటపై బల్ల పరచి, దానిమీద మేము చదువుకొనుచున్నాము. కావున మా పటమునకు వస్తువును వెదకుకొన నక్కరలేకపోయినది.

కాగితము క్రిందిభాగమున, నడుమకు కొంచె మెడమగా, గుంటను నల్లని సిరాతో నింపి పైన బల్లను గీసితిమి. ఆ బరువునకు కాగితమంతయు ఒక వైపునకు ఒరిగినట్లుండెను. దానిని సరితూచుటకు కుడిప్రక్కన అంతటి నలుపును పెట్టనక్కరలేదు. ఉయ్యాలబల్లపై పెద్దవాడు నడుమకు దాపుగ కూర్చుండి, పసివాడు కొనయందు కూర్చుండిన బల్ల సమముగ నిలుచును గదా! అట్లే కుడివైపు పైమూలను చిన్న కలముపాళీని ఎఱ్ఱగా వ్రాసితిమి. పటమంతటను ఎరుపు అదియొక్కటే. అది గోరంత, అయినను గుంటను ఆపినది.

లయకై జాకార్డు అట్టలను తెచ్చుకొంటిమి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సుదేశస్థుడగు జకార్డు నిర్మించిన యంత్రము నేటికిని ధర్మవరపు మగ్గములపై నున్నది. అట్టలో చిల్లున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. అంచునందలి నెమలి యంతయు ఈ "ఉన్నది, లేదు" అను రెండు మాటలతోనే పుట్టుచున్నది. మేము గుంటయొద్ద చిల్లులను వరుసగా, ఎడతెగక గీసి, పైకి పోనుపోను వరుసలను సడలించి, పాళీయొద్దకు చేరునప్పటికి అవి అక్షరములగునట్లు చేసితిమి. ఇక ఏకత్వమునకు గురువు చీరయే. పడుగు నీలమై పేక ఆకుపచ్చయైనచో నెమలికంఠపు రంగు వచ్చును. ఇటు చూచిన నీలము, అటు చూచిన పచ్చ. బట్ట మాత్రము ఒక్కటే. గుంటయంచున నున్న నాడెనుండి ఒక పోగు బయలుదేరి, కాగితమునంతయు దాటి, పాళీ కొనయందు సిరాగీతగా మారునట్లు గీసి ముగించితిమి.

ఇంటివారు పోల్చుకొనవలెనని గదా నిబంధన! ఆ రాత్రి పటమును ముందర పెట్టగనే మా తల్లిగారు "నువ్వు చదువుకొనే బల్ల కదా" అనిరి. తండ్రిగారు మాత్రము చాలసేపు పలుకలేదు. పిమ్మట, "ఏమిరా అబ్బీ, నిన్ను ఈ గుంతలో దింపకూడదనే కదా మేమింత పాటుపడేది! నువ్వు మళ్ళా దాన్నే తెచ్చి బొమ్మలో పెట్టుకొంటివే" అనిరి. ఆ కంఠస్వరమున కోపము లేదు. కోపమున్నచో మాకు సులభముగ నుండెడిది. గుంటను తుడిచివేయుటయా, ఉంచుటయా యని యొక్క క్షణము తటపటాయించితిమి. తుడిచినచో తండ్రిగారికి తృప్తి. కాని పటమున మిగులునది ఆకాశమున వ్రేలాడు పాళీ. అది ఎవరి పటమైనను కావచ్చును, మాది మాత్రము కాదు. "గుంత తీసేస్తే పాళీ నిలబడదు నాయనా" అంటిమి.

తండ్రిగారు కాగితమును రెండుచేతులతో పట్టుకొని, నేసిన చీరను పరిశీలించునట్లు దీపమునకు అడ్డముగ ఎత్తి, ఈ కొననుండి ఆ కొనవరకు పోగు వెంబడి చూపును నడిపించిరి. "పోగు తెగకుండా ఇంత దూరం యాడ పోతాదిరా? ముడి యాడ?" అనిరి. అటుపిమ్మట అటకమీది పెట్టెనుండి కండెలో మిగిలిన పట్టుపోగును తీసి, త్రెంపి, రెండు కొనలను వ్రేళ్ళసందున కలిపి ముడివేసి చూపిరి. నాలుగేండ్లుగా ఆ వ్రేళ్ళు ఆ పని చేయుట మేము చూచియుండలేదు. ముడి ఆవగింజంత యున్నది. వ్రేలికి తగులును గాని కంటికి కనబడదు. వారు చూచుచుండగనే గుంటకును పాళీకిని నడుమ, పోగుపై ఒక చుక్కను పెట్టితిమి.

ఆ పటమిప్పుడు చిత్రలేఖనపు గది గోడపై నున్నది. చూచినవారిలో పలువురు ఆ చుక్క సిరామరకయా యని యడుగుచున్నారు.