అమ్మ చేతికందిన వెల్లుల్లి

వెల్లుల్లి పొడి అనగానే మనలో చాలామందికి చిన్నచూపు. రెబ్బలు ఒలుచుకోవడానికి బద్ధకించే వాళ్ల వ్యవహారమని తీసిపారేస్తాం. తప్పు పొడిది కాదండీ! ఎప్పటి సరుకో, ఎంత వేడిలో ఎండబెట్టారో తెలియని పొడికి వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది?

మావారి రైల్వే ఉద్యోగం పుణ్యమా అని కొన్నేళ్లు మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో కాపురం చేశాను. వెల్లుల్లికి పెట్టింది పేరు ఆ ప్రాంతం. ఆ జిల్లాలోని రియావన్ వెల్లుల్లికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మాకు వెల్లుల్లి తెచ్చిచ్చే దీదీకి రెండు బిగాల పొలం ఉండేది. కొత్త పంటంతా ఒక్కసారే మార్కెట్‌కి రావడంతో ధర పడిపోయేది. దాచుకునే చోటులేని చిన్న రైతు ఏం చేస్తాడు, వచ్చిన ధరకే అమ్ముకుంటాడు. 2022లో గిట్టుబాటు కాక మధ్యప్రదేశ్ రైతులు కొందరు వెల్లుల్లిని నదిలో పారబోశారు. 2024 మొదట్లో అదే వెల్లుల్లి బజార్లో కిలో 400 రూపాయలు దాటింది! అందుకే దీదీ ధర పలకని చిన్న గడ్డల్ని ఒలిచి, సన్నగా తరిగి, ఎండబెట్టి పొడి కొట్టేది. నేనూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

కిలో రెబ్బల్లో 600 గ్రాముల దాకా నీళ్లే. ముక్క వంచితే టక్కున విరగాలి. మెత్తగా వంగితే తడి ఉన్నట్టే, బూజు పడుతుంది. అలాగని మరీ వేడి తగలకూడదు. వెల్లుల్లి ఘాటు రెబ్బలో ముందే ఉండదు. రెబ్బ నలిగినప్పుడు అందులోని ఎంజైము ఆ ఘాటును పుట్టిస్తుంది. ఎక్కువ వేడికి ఎంజైము చచ్చిపోతుంది. నిదానంగా ఆరిన పొడిలో అది నిద్రపోతున్నట్టు ఉండి, నీళ్లు తగలగానే లేస్తుంది. అందుకే పొడిని కాగే నూనెలో వేయకండి, మాడి చేదెక్కుతుంది. రెండు రెబ్బలకి బదులు పావు టీస్పూను పొడిని చెంచాడు నీళ్లలో కలిపి, పది నిమిషాలాగి, పప్పులోనో చారులోనో దించే ముందు వేయండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మ కోసం. నరసరావుపేటలో అన్నయ్య దగ్గరుంటుంది. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయి, వెల్లుల్లి ఒలవలేక, రోకలి పట్టలేక వంటింటికే దూరమైంది. వదిన మంచిదే, అడిగితే కాదనదు. కానీ అమ్మకి అడగడమే కష్టం. "ప్రతిదానికీ కోడల్ని పిలవాలా?" అని వసారాలో కూర్చుండిపోయేది.

ఓసారి వెళ్తూ సీసాడు పొడి పట్టుకెళ్లాను. "పొడితో చారేమిటే, నా మొహం!" అంది. మూత తీసి వాసన చూసి మరి మాట్లాడలేదు. మర్నాడు తనే చారు పెట్టింది. వారం తిరక్కుండా కారం, ఉప్పు, జీలకర్ర పొడి, ఈ పొడి కలిపి వెల్లుల్లి కారం చేసి ఇడ్లీలోకి వడ్డించింది. "అత్తయ్య చేతి కారం తిని ఏడాదైంది వదినా" అంటూ మా వదిన కళ్లు తుడుచుకుంది.

రత్లాం నుంచి బదిలీ అయ్యాక కూడా కొత్త పంట రాగానే దీదీ దగ్గర్నుంచి ఐదు కిలోలు తెప్పించుకుంటున్నాను. ఆవిడకి మార్కెట్ కన్నా నాలుగు రూపాయలు ఎక్కువే ముడుతున్నాయి. మీ ఇంట్లోనూ చేతులు సహకరించక వంటింటికి దూరమైన పెద్దవాళ్లుంటే, ఈ ఏడాది ఓ సీసా చేసిచ్చి చూడండి.